కళ్లెం తెగేలోపు పరీక్ష చేయించుకుందాం

 

రేణిగుంటలో వైద్య శిబిరం పెట్టినప్పుడల్లా మేము ఒకటి గమనిస్తున్నాం. షుగర్, బీపీ పరీక్షలంటే ఆడవాళ్లు బారులు తీరుతారు. గర్భాశయ ముఖద్వార పరీక్ష అనగానే వరుస చెదిరిపోతుంది. "నాకేం జబ్బు లేదు కదా బేటా" అంటారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాం.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్‌లో 1983లో దాని 16వ రకాన్ని, ఆ తరువాత 18వ రకాన్ని గుర్తించింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్ సోకడం నడవడికపై మచ్చ కాదు. దాంపత్య జీవితం గడిపేవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకసారి సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. మరి మిగిలిన కొద్దిమందిలో ఏం జరుగుతుంది?

ఈ వైరస్ డీఎన్‌ఏ చిన్న వలయం. అందులో పట్టుమని పది జన్యువులు కూడా లేవు. వాటి నుంచి తయారయ్యే ఇ6, ఇ7 అనే ప్రొటీన్లు మన కణాన్ని ఆగకుండా విభజన చెందమని తోస్తాయి. కణానికి కాపలా కాసే పీ53 అనే ప్రొటీన్‌ను ఇ6 నాశనం చేయిస్తుంది. విభజనకు అడ్డుకట్ట వేసే ఆర్‌బీ ప్రొటీన్‌ను ఇ7 పక్కకు తప్పిస్తుంది. అయితే ఈ రెండూ మితిమీరకుండా వైరస్‌లోనే ఒక కళ్లెం ఉంది. దాని పేరు ఇ2. ఇ6, ఇ7 జన్యువుల పని మొదలయ్యే చోటే ఇ2 ప్రొటీన్ డీఎన్‌ఏను పట్టుకుని కూర్చుంటుంది. ఆ జన్యువులను చదవడానికి వచ్చే కణ ప్రొటీన్లకు చోటివ్వదు.

ఏళ్లు గడిచాక కొందరిలో ఆ వలయం తెగి మన క్రోమోజోములో అతుక్కుంటుంది. తెగేది తరచుగా ఇ2 జన్యువు దగ్గరే. కళ్లెం పోయాక ఇ6, ఇ7లకు అదుపుండదు.

దీనికి రుజువు ఉంది. 1951లో అమెరికాలో ఈ జబ్బుతో కన్నుమూసిన హెన్రియెటా లాక్స్ అనే తల్లి కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో 18వ రకం వైరస్ ఇ6, ఇ7 ఉన్నాయి. శాస్త్రవేత్తలు ఇ2ను తిరిగి చేర్చి చూస్తే ఆ కణాల పెరుగుదల ఆగిపోయింది.

తల్లులారా, వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ కాలమంతా నొప్పి తెలియదు. "నాకేం జబ్బు లేదు" అన్న ధైర్యం అందుకే చాలదు. కానీ పరీక్ష చేస్తే మార్పు తెలుస్తుంది, క్యాన్సర్ కాకముందే చిన్న చికిత్సతో తీసేయవచ్చు. 30 దాటినవారు 5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. మహిళా డాక్టరునే అడగండి. హెచ్‌పీవీ పరీక్షకైతే నమూనాను స్త్రీ తనకు తానే తీసుకునే పద్ధతి కూడా ఉంది.

ఆడపిల్లలకు టీకా 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే మేలు ఎక్కువ. అందులో వైరస్ పైతొడుగు ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. డీఎన్‌ఏ ఉండదు కాబట్టి ఇ6, ఇ7 తయారయ్యే వీలే లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు వేసిన టీకా కార్యక్రమం 2010లో ఆగిపోయిన సంగతి కొందరికి గుర్తుండవచ్చు. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చని విచారణ సంఘం తేల్చింది. కానీ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన తీరు తప్పేనని బయటపడింది. కాబట్టి అడగండి. అడిగే తల్లిది తప్పు కాదు. విడమరిచి చెప్పకపోతే తప్పు మాది.

సోదరులకు ఒక మాట. తిరుపతి మనకు దూరం కాదు. స్విమ్స్ ఉంది, 2022లో ప్రారంభమైన టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంట్లోవాళ్లను మీరే తోడుగా తీసుకువెళ్లండి. వచ్చే శిబిరంలో ఆ వరుస చెదరకుండా ఉంటే మా శ్రమ ఫలించినట్టే.

అల్లాహ్ మన ఇళ్లలోని తల్లులందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.