అరువు రేపు



మంగళగిరిలో మా నాయనగారు చీరల దుకాణము నడిపిన కాలమున గల్లాపెట్టెకు ఎదురుగా ఒక చిన్న పలక వ్రేలాడుచుండెడిది. దానిపై "అరువు రేపు" అని రెండే మాటలు. ఆ రేపు ఎన్నడును రాదని ఎరిగియు, ఊరివారు నవ్వుకొని పద్దు వ్రాయించియే పోవుచుండిరి. ఆ పద్దులలో కొన్ని నేటికిని వసూలు కాలేదు.

ఇప్పుడా దుకాణమును మేము అన్నదమ్ములము నడుపుచున్నాము. వీధి గుమ్మమునకు తోడు ఇంటర్నెట్టులో మరియొక గుమ్మము తెరచితిమి. అచ్చట కొనువారిలో పలువురు క్రెడిట్ కార్డుతో సొమ్ము చెల్లింతురు. ఇందులోను అరువు కలదు. కాని ఇచ్చునది మేము కాదు, బ్యాంకు. కొన్నవారు గడువులోగా తమ బ్యాంకునకు తీర్చుకొందురు. మాకు రెండు మూడు దినములలో రొక్కము చేరును. నాయనగారి కష్టము తీరినదని మొదట మురిసిపోతిమి.

ఇది జరుగు విధము చెప్పెదము. కొనువారు చీర నెంచుకొని చెల్లింపు మీట నొక్కగానే పేమెంట్ గేట్‌వే అను మధ్యవర్తి సంస్థ వారి పుట తెరచుకొనును. కార్డు సంఖ్యను అచ్చటనే వ్రాయుదురు; అది మా కంట పడదు. ఆ సంస్థ మా పక్షపు బ్యాంకు ద్వారా, వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి వ్యవస్థల గుండా, కార్డు నిచ్చిన బ్యాంకును అడుగును. ఆ బ్యాంకు సరే యన్నచో బేరము కుదిరినట్లే. ఇదంతయు కొన్ని క్షణముల పని.

మన దేశపు కార్డులకు మరియొక కాపు కూడ కలదు. రిజర్వు బ్యాంకు ఉత్తరువు ప్రకారము 2009 ఆగస్టు 1 నుండి ఇంటర్నెట్టు కొనుగోళ్లకు కార్డుపై కనబడు అంకెలు మాత్రమే చాలవు. మొబైలునకు వచ్చు రహస్య సంఖ్య వంటి రెండవ ధ్రువీకరణ కావలెను. 2022 అక్టోబరు 1 నుండి అమ్మకందారులు కార్డు సంఖ్యలను తమయొద్ద దాచుకొనుటయు నిషిద్ధము. వానికి బదులు టోకెన్ అను మారు సంఖ్య వాడుకలోనికి వచ్చినది.

ఈ సేవకు రుసుము కలదు. నూటికి రెండు రూపాయల చొప్పున అనుకొందము. 3,000 రూపాయల చీరపై 60 రూపాయలు రుసుము, దానిపై నూటికి 18 వంతున పన్ను 10 రూపాయల 80 పైసలు. మా చేతికి వచ్చునది 2,929 రూపాయల 20 పైసలు. ఈ ఖర్చును ముందుగా లెక్కలో చేర్చుకొననివాడు అమ్మినకొలది నష్టపోవును.

ఇంతకంటె పెద్ద పాఠము మరియొకటి నేర్చితిమి. ఒకసారి విదేశమునుండి మూడు పట్టు చీరలకు ఆర్డరు వచ్చినది. సొమ్ము జమ అయినది. నేతగానికి కూలి చెల్లించి చీరలు పంపితిమి. నలుబది దినముల పిదప ఆ కార్డు అసలు యజమాని, తాను ఏమియు కొనలేదని తన బ్యాంకునకు ఫిర్యాదు చేసెను. ఎవరో అతని కార్డు సంఖ్యను దొంగిలించిరి. విదేశీ బ్యాంకుల కార్డులకు మన రెండవ ధ్రువీకరణ నియమము వర్తింపదని మాకప్పుడు తెలియదు. చీరలు అందినట్లు సంతకమును చూపలేకపోతిమి. జమ అయిన సొమ్ము మా ఖాతానుండి వెనుకకు పోయెను. దీనిని ఛార్జ్‌బ్యాక్ అందురు. చీరలును పోయెను, సొమ్మును పోయెను. నేతగాని కూలి మాత్రము వెనుకకు అడుగలేదు. అడుగుట ధర్మము కాదు.

విదేశపు కార్డులను మానుకొందమా యని ఇంట పెద్ద చర్చ జరిగెను. దూరదేశములందున్న మనవారు పండుగకు మంగళగిరి చీర కోరునప్పుడు తలుపు మూయుటకు మనసొప్పలేదు. అందుచే కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. క్రొత్తవారి పెద్ద ఆర్డరు వచ్చినచో ముందుగా ఫోనులో మాటలాడుదుము. కార్డు చిరునామా యొకటి, సరకు చేరవలసిన చిరునామా వేరొకటి అయినచో కారణ మడుగుదుము. సంతకము తీసికొనియే సరకు అప్పగించు ఏర్పాటు చేయుదుము. రసీదులను, ఉత్తర ప్రత్యుత్తరములను భద్రపరతుము.

మరియొక చిన్న సంగతి. హైదరాబాదు నుండి ఒక అమ్మగారు తమ కార్డు లెక్కలో తెలియని పేరు కనబడినదని ఫిర్యాదు చేయబోయిరి. అది మా సంస్థ రిజిస్టరు పేరు. ఆమె యెరిగినది దుకాణము పేరు. ఫోనులో మాటలాడగా చిక్కు విడిపోయెను. అప్పటినుండి రెండుచోట్లను ఒకే పేరు కనబడునట్లు చేసితిమి.

క్రొత్తగా ఈ మార్గమున అడుగిడువారు రుసుమును మాత్రమే విచారించి ఊరకుండరాదు. సొమ్ము ఎన్ని దినములకు చేరును, ఫిర్యాదు వచ్చినచో జవాబునకు గడువెంత, ఏ యే సాక్ష్యములు చూపవలెను అని ఒప్పందమునకు ముందే అడిగి తెలిసికొనవలెను. మేము ఆ ప్రశ్నలను మూడు చీరలు పోయిన పిదప అడిగితిమి.

నాయనగారి పలక యిప్పటికిని గోడమీద నున్నది.