కొలత తప్పిన యంత్రము



ధాన్యము కొలుచు కుంచమునకు అడుగున సొట్టపడినచో ఏమి జరుగునో మీకు నేను చెప్పనక్కరలేదు. కొలుచువాడు దొంగ కాకపోవచ్చును. అయినను లెక్క తప్పును. కళ్లములో తగవు పుట్టును. 1956 నాటి శాసనముతో కుంచములు మానికలు పోయి కిలోలు లీటర్లు వచ్చినవి గాని, కొలపాత్ర నిజముగా నుండవలెనను ధర్మము మాత్రము మారలేదు. నేడు నేను మనవిచేయబోవునది విద్యుత్తును కొలుచు ఒక పాత కుంచమును గూర్చి. దానిని బాగుచేయబోయి నేను పడిన పాట్లును, చేసిన తప్పును దాపరికము లేక విన్నవింతును.

మా ఉప్పాడలో సముద్రమునకు ఇనుముతో పగ. ఆ ఉప్పుగాలి తలుపు గడియలను విడువదు, సైకిలు చువ్వలను విడువదు. అట్టి యూరిలో రేడియోలు బాగుచేయు నొక వృద్ధుడు కాలము చేసిన పిదప, అతని దుకాణములోని పెట్టె యొకటి పాతసామానులవాని తక్కెడ కెక్కబోవుచుండగా నేను అడిగి తెచ్చుకొంటిని. దానిని వాల్వు వోల్టుమీటరందురు.

వాల్వనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. లోపలి భాగమును ఎఱ్ఱగా కాచినచో దానినుండి ఎలక్ట్రానులు వెడలి ఎదుటి రేకును చేరును. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు దీనిని కనిపెట్టెను. 1906లో అమెరికాలో డి ఫారెస్టు నడుమ నొక తీగజల్లెడ నుంచెను. కాలువకు తూముతలుపు ఎట్టిదో ఆ జల్లెడ అట్టిది. కొద్దిపాటి బలముతో గొప్ప ప్రవాహమును అదుపుచేయును. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాడు మన యూళ్లలో ఆ పలుకులు వినిపించినవి వాల్వు పెట్టెలే.

కొలతకు వాల్వెందుకని మీరడుగవచ్చును. పాతకాలపు సామాన్యమైన మీటరు తాను కొలుచు చోటినుండియే కొంత విద్యుత్తును త్రాగును. చిన్న గిన్నెలోని పులుసు రుచిచూచుటకు పెద్దగరిటెడు తీసినట్లగును. వాల్వు వోల్టుమీటరు చుక్క మాత్రమే నాలుకకు తగిలించుకొనును. అందువలన రేడియో పనివారికి అది ప్రాణము.

ఏండ్లకొలది నిద్రించిన యంత్రమును ఒక్కసారిగా కరెంటుకు తగిలింపరాదు. లోపలి పెద్ద కండెన్సరులో అల్యూమినియము రేకుపై అతిసన్నని పొర యుండును. వాడుక లేనిచో ఆ పొర చెడును. నిండు కరెంటు ఒక్కుమ్మడిగా పోసినచో అది కాగి పగులును. ఉపవాసమున్నవానికి గంజితో మొదలుపెట్టవలెను గదా! కావున నలుబది వాట్ల బల్బు నొకదానిని సిరీసులో పెట్టి, దానిగుండ కరెంటు నిచ్చితిని. బల్బు నిండుగా వెలిగినచో లోపల షార్టున్నదని యర్థము. ఒకసారి వెలిగి మసకబారినచో ఆశ కలదు. నాకు మసకబారినది.

అంతకు ముందే పెచ్చులూడిన రబ్బరు తీగను మార్చితిని. కారిపోయిన పాత బ్యాటరీ వలన పట్టిన చిలుమును గీకితిని. వాల్వుల శిరస్సున వెండిమచ్చ చెక్కుచెదరక యున్నది. గాలి చొరబడినచో ఆ మచ్చ తెల్లబడును. ఇంతవరకు శాస్త్రప్రకారమే నడచితిని. కాని ప్లగ్గు తీసితిని గదా యని లోపల వ్రేలు పెట్టగా కండెన్సరు నన్ను ఎగరగొట్టినది. కరెంటు తీసిన తరువాతను దానిలో విద్యుత్తు నిలిచియుండును. దానిని రెసిస్టెన్సు ద్వారా విడిచిపెట్టకుండ ఎవరును ముట్టరాదు. ముఖ్యముగా పిల్లలను దరి చేరనీయరాదు.

వాల్వులు ప్రమిదలవలె వెలిగినవి. క్రొత్త టార్చి బ్యాటరీని కొలువగా ముల్లు ఒకటిన్నర వోల్టులపై సరిగా నిలిచినది. నా సంతోషమునకు మేర లేదు. అసలు తప్పు ఆ సంతోషములోనే పుట్టినది.

మా వీథిలో జాంధానీ నేయు నొక గృహస్థు తన తండ్రినాటి రేడియోను తెచ్చెను. దాని గొంతు బొంగురుపోయినది. రెండువందల నలుబది వోల్టులుండవలసిన చోట నా ముల్లు నూటతొంబదియే చూపినది. రెక్టిఫయరు వాల్వు ముసలిదైనదని తీర్పు చెప్పితిని. పోగుపోగు నెత్తి బుటా నేసి బ్రతుకువాడు; నా మాట నమ్మి చెన్నపట్టణమునుండి వాల్వు తెప్పించెను. క్రొత్తది పెట్టినను నూటతొంబదియే! గొంతు మారలేదు. నాకు చెమటలు పట్టినవి.

కాకినాడనుండి క్రొత్త డిజిటల్ మీటరు తెచ్చి, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పదింటిని వరుసగా కూర్చి కొలిచితిని. క్రొత్తది తొంబదియైదు చూపినది; పాతది డెబ్బదియైదు. రేడియోను క్రొత్తదానితో కొలువగా రెండువందల నలుబది యున్నది. నేను దోషిగా నిలిపిన వాల్వు నిర్దోషి!

కారణము వినుడు. పెద్ద వోల్టేజీని నేరుగా మీటరు వాల్వునకు చూపరు. వరుసగా కూర్చిన రెసిస్టెన్సులగుండ పంపి, అందొక చిన్న పాలు మాత్రమే ఇత్తురు. చిన్న మెట్టున దాదాపు అంతయు చేరును గనుక దోషము తెలియదు. పాత బొగ్గు రెసిస్టెన్సులు తేమకు విలువ పెరుగును. పైవి పెరిగిన కొలది పెద్ద మెట్టులయందు పంచిన పాలు తగ్గును. సోలెడు సరిగా కొలిచినంతమాత్రమున పుట్టెడు సరిగా కొలుచునని నమ్మితిని. అదే నా యవివేకము.

వాల్వు వెల యాతనికి చెల్లించితిని. వలదనెను, పట్టుపట్టి యిచ్చితిని. పిదప రేడియో చివరి వాల్వు జల్లెడయొద్ద, మీటరు నిజము చెప్పు చిన్న మెట్టుననే కొలువగా, ఉండరాని కొన్ని వోల్టులు కానవచ్చినవి. కాగితపు కండెన్సరొకటి కారుచున్నది. స్వల్పపు వెలతో అది మార్చగా గొంతు విచ్చుకొన్నది. ఆ యింటి ముసలమ్మ కండ్లు తుడుచుకొన్నది.

నా పెట్టెలో పాత రెసిస్టెన్సులు తీసి, నూటికి ఒకటికి మించి తేడా లేని క్రొత్తవి వేసితిని. మెట్టులన్నియు దారికి వచ్చినవి, ఒక్కటి తప్ప. అన్నిటికంటె పెద్ద మెట్టున ఉప్పు తినివేసిన స్విచ్చి రేకును బాగుచేయుట నా చేత కాలేదు. ముల్లు అక్కడ ఎగిరిపడుచునే యున్నది. కావున ఆ గుర్తుపై చీటి యంటించి "ఇచ్చట నమ్మరాదు" అని వ్రాసితిని. చేతకానిది చేతకాలేదని వ్రాయుటయు మరమ్మతులో భాగమే.

పెద్దలారా! చౌకలో డిజిటల్ మీటరు దొరకుచుండగా ఈ శ్రమ యెందులకని నవ్వువారు కలరు. ఆ క్రొత్తదియే నా తప్పును పట్టి యిచ్చినది. దానిని నేను నిందింపను. కాని దానినైనను అప్పుడప్పుడు మరొకదానితో సరిచూచుకొనవలెను. మీరును ఊరి తగవులు తీర్చువారు. ఇతరులను కొలుచుటకు ముందు మన కుంచమును, అదియు చిన్న మెట్టున గాక పెద్ద మెట్టున, కొలిచి చూచుకొందము గాక.

సెలవు.