ఊళ్లో కట్టే ఇల్లు
మన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ నుంచి మస్దార్ సిటీకి కారులో అరగంట కూడా పట్టదు. అక్కడి 45 మీటర్ల గాలి గోపురం పైగాలిని కిందికి దింపుతుంది. కరెంటు లేని రోజుల్లో గల్ఫ్‌లో కట్టుకున్న బర్జీల్ కిటుకే అది.

మనమేమో ఇక్కడి సంపాదనతో ఊళ్లో మట్టిమిద్దె కూల్చి స్లాబు పోయిస్తున్నాం. మే నెలలో కరెంటు పోతే అమ్మానాన్నలు ఆ గదిలో పడుకోగలరా?

ఇంకా గోడలు లేవలేదా? మేస్త్రీని ర్యాట్‌ట్రాప్ కట్టుబడి గురించి అడగండి. లారీ బేకర్ గారు కేరళలో ప్రచారం చేసిన పద్ధతి. ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ వేడిని అడ్డుకుంటుంది, ఇటుకలూ పాతిక శాతం దాకా మిగులుతాయి. కట్టేసినవాళ్లు స్లాబు మీద తెల్లసున్నం వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. సున్నం వానలకు పోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే మళ్లీ వేయించాలి.