చెయ్యిచ్చే ఇంగ్లిషు



'హీ గేవ్ మీ ఎ హ్యాండ్' అని ఇంగ్లిషువాడు అంటే, అవతలివాడు సాయం చేశాడని. అదే ముక్కను మాటకు మాట తెలుగులో పెట్టి 'వాడు నాకు చెయ్యిచ్చాడు' అంటే, నట్టేట ముంచాడని! జాతీయంతో వచ్చే చిక్కంతా ఇదే. విడివిడిగా మాటలన్నీ తెలిసినవే, కలిస్తే కథ మారిపోతుంది. తెలుగు నేర్చుకునే విదేశీయుడికి 'నీళ్లు నమిలాడు', 'చేతులెత్తేశాడు' ఎంత తికమకో, ఇంగ్లిషు జాతీయాలు మనవాళ్లకూ అంతే.

ఈ తికమకతో 1868లోనే ఒక దొర తలపడ్డాడు. కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ తెలుగు సామెతలు పోగుచేసి 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' అచ్చువేశాడు. సామెతను ఇంగ్లిషు చేసి, కావలసినచోట వివరణ రాసి, దీటైన సామెత దొరికితే దాన్నీ పక్కన పెట్టాడు. ఇంగ్లిషు నేర్చుకునే తెలుగువారికీ ఆ పద్ధతే పనికొస్తుంది.

అందుకు విశాఖ దగ్గరి పారిశ్రామిక ప్రాంతం పరవాడ మంచి చోటు. ఇంగ్లిషు జాతీయాల్లో చాలావాటికి పుట్టిల్లు ఓడ, కొలిమి, బాయిలరు. ఇక్కడివారికి ఇవన్నీ ఇరుగుపొరుగే.

విశాఖ తీరాన నిలబడితే, రేవులోకి వెళ్లే వంతు కోసం దూరాన ఆగిన ఓడలు కనబడతాయి. ఒడ్డు నుంచి కనబడే ఆ దూరపు సముద్రమే 'ఆఫింగ్'. ఓడ అక్కడ కనబడిందంటే కాసేపట్లో రేవుకు చేరుతుందన్నమాట. అందుకే 'ఇన్ ది ఆఫింగ్' అంటే త్వరలో జరగబోయేది. గాలి తెరచాపల ముందువైపు కొట్టి ఓడను ఉన్నపళాన వెనక్కి నెడితే 'టేకెన్ అబాక్'. మనిషి విషయంలో అవాక్కవడం. పరవాడలోని 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రంలో బాయిలరు దగ్గర పనిచేసేవారికి 'లెట్ ఆఫ్ స్టీమ్' విడమరచి చెప్పక్కర్లేదు. ఒత్తిడి హద్దు దాటితే సేఫ్టీ వాల్వు ఆవిరిని వదిలేస్తుంది, మనిషి కోపాన్ని వెళ్లగక్కుతాడు. మాత్ర మీద తీపి పూత ఎందుకో ఎరిగిన ఇక్కడి ఫార్మాసిటీ మందుల కంపెనీల వారికి 'షుగర్ ది పిల్' సులువు: చేదు కబురును తియ్యగా చెప్పడం. విశాఖ ఉక్కు కర్మాగారపు ఉక్కునగరం వారికి 'స్ట్రైక్ వైల్ ది ఐరన్ ఈజ్ హాట్' కూడా అంతే. మన పెద్దలు దాన్నే 'దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకో' అన్నారు.

అన్నిటికీ ఇలా మూలం దొరకదు. 'కిక్ ది బకెట్' అంటే చనిపోవడం. మన కుర్రకారు నోట అది 'బాల్చీ తన్నేశాడు'గా నలుగుతూనే ఉంది. ఆ బకెట్ ఎక్కడిదో ఇంగ్లిషు పండితులే ఒక మాట మీదికి రాలేదు.

ఇంగ్లిషువాళ్లలో వాళ్లకే పొసగని సందర్భాలూ ఉన్నాయి. ఒక అంశాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో వెంటనే చర్చకు తీసుకోవడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద ఇరుదేశాల అధికారులూ చాలాసేపు వాదులాడుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. అమెరికాకు మందులు పంపే కంపెనీల్లో మీటింగు మినిట్స్ రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాబట్టి కొత్త జాతీయం చెవిన పడితే అర్థం ఒక్కటే రాసుకుని ఊరుకోకండి. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకోండి. కబుర్లలో, ఇంటర్వ్యూల్లో ధైర్యంగా వాడండి. షిఫ్టు అప్పగింతల్లో, సేఫ్టీ మీటింగుల్లో మాత్రం వాటి జోలికి పోవద్దు. ఏ వాల్వు మూయాలో, ఎప్పుడు మూయాలో అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పండి.