ట్రాంబోన్ పేరు వెంట

పారిస్ ఆఫీసులో "ఒక ట్రాంబోన్ ఇవ్వండి" అని అడిగితే కాగితాలకు పెట్టే క్లిప్పు చేతిలో పెడతారు. ఫ్రెంచివాళ్లకు వాద్యం పేరూ అదే. మడతపడిన ఇత్తడి గొట్టాన్నీ, మెలితిరిగిన ఆ తీగనూ పక్కపక్కన ఊహించుకోండి, పోలిక ఇట్టే తెలుస్తుంది.

మాటకు పుట్టిల్లు ఇటలీ. అక్కడ 'త్రోంబా' అంటే బాకా, 'త్రోంబోనే' అంటే పెద్ద బాకా. గొప్పలు పోతూ ఉపన్యాసాలిచ్చే మనిషినీ వాళ్లు అలాగే పిలుస్తారు.

ఇంగ్లీషులో దీని పాత పేరు 'శాక్‌బట్'. లాగడం, నెట్టడం అనే రెండు ఫ్రెంచి క్రియల నుంచి వచ్చింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు ఇదే, ఎందుకంటే వాయించేవారి కుడిచెయ్యి చేసే పనంతా అందులో ఉంది. గొట్టాన్ని ముందుకు నెడితే స్వరం దిగుతుంది, వెనక్కి లాగితే ఎక్కుతుంది.

జర్మన్‌లో 'పొజౌనె'. లాటిన్ 'బూకినా' నుంచి వచ్చిన మాట. తెలుగు బైబిల్లో 'కడబూర' అన్నచోట లూథర్ అనువాదంలో ఉన్నది ఈ పొజౌనే. 1791లో మొజార్ట్ తన రెక్వియంలో తీర్పుదినపు బాకా ఘట్టాన్ని ఒంటరి ట్రాంబోన్‌తోనే మొదలుపెట్టాడు.

బ్రెజిల్‌లో ట్రాంబోన్‌కు నోరు ఆనించడమంటే అన్యాయాన్ని నలుగురిలో ఎలుగెత్తి చెప్పడం. మనం బాకా ఊదామంటే మాత్రం ఎవరినో పొగుడుతున్నట్టే.