తూకము, ఓర్పు, గురి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సమయమున పురాణమునుగూర్చియో, కావ్యమునుగూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు వేటకాని రివాల్వరు తూటా విషయమగుట కొందఱకు వింతగా తోపవచ్చును. కాని గ్రంథాలయమనగా నేమి? ఎక్కడో దూరదేశమున ఒకడు చేయి కాల్చుకొని నేర్చిన పాఠమును మఱియొకడు చేయి కాల్చుకొనకుండ నేర్చుకొను చోటు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న ప్రయోజనము లేదని మన పెద్దలు చెప్పిరి. చేతులు కాలకముందే ఆకులు పట్టుకొనుటకు పుస్తకమే సాధనము. ఈ సత్యమునకు నేటి కథకంటె తగిన నిదర్శనము దొరకుట కష్టము.

మొదట తూటా అనగా నేమో తెలిసికొందము. తూటాకు నాలుగు అంగములు. ఇత్తడి డొల్ల ఒకటి; దాని అడుగున ప్రైమరు అను చిన్న రంజకపు టోపీ రెండవది; లోపల మందు మూడవది; మూతివద్ద బిగించిన గుండు నాలుగవది. కాల్చిన పిమ్మట ఇత్తడి డొల్ల చెడదు. దానికి క్రొత్త టోపీ తొడిగి, మందు తూచిపోసి, గుండు బిగించి మరల వాడుకొనవచ్చును. అమెరికా దేశమున ఈ పనిని ఇంటిలోనే చేసికొనువారు అనేకులు కలరు. అంగడి తూటా ఎల్లరి తుపాకులకు సరిపడునట్లు చేసినది. ఇంట కట్టిన తూటా ఒక్క తుపాకికి కొలిచి చేసినది. ఆ భేదమే గురికి మూలము.

ఇక తూకము. ఈ విద్యలో తూనిక గ్రెయినులలో జరుగును. ఒక పౌనునకు 7,000 గ్రెయినులు. మన పూర్వపు కంసాలి తులమునకు సరిగా 180 గ్రెయినులు. కావున 240 గ్రెయినుల గుండు ఒక తులమును, దానిపై తులములో మూడవవంతును తూగును. 300 గ్రెయినులదైనచో ఒక తులము, పైని మూడింట రెండు వంతులు. గురివింద గింజ యెత్తు రెండు గ్రెయినులకు కొంచెము తక్కువ. తూటా కట్టువాడు మందును గ్రెయినులో పదవవంతువఱకు తూచును. అనగా గురివింద గింజను పదునెనిమిది పాళ్లు చేసిన అందొక పాలు! బంగారము తూచు వానికిని ఇంత నిష్ఠ అరుదు.

ఈ విద్యకు పేరు తెచ్చినవాడు ఎల్మర్ కీత్. అతడు 1899లో మిస్సౌరీ రాష్ట్రమున జన్మించెను. బాల్యమున మాంటానాలోని మిజులా పట్టణమున ఒక హోటలు తగులబడగా, ఆ మంటలలో చిక్కి ఘోరముగ గాయపడెను. ఎడమచేయి వంకరపోయెను. ఆ చేతిని పట్టుదలతో మరల పనికి తెచ్చుకొని, పశువుల కాపరియై, వేటగాండ్రకు దారిచూపువాడై, కడకు ఐడహో రాష్ట్రమున సామన్ పట్టణమున స్థిరపడెను. కొండలలో గుఱ్ఱముపై తిరుగువానికి పొడుగు తుపాకి ఎల్లవేళల చేతనుండదు. నడుమున వ్రేలాడు రివాల్వరు మాత్రమే ఉండును. ఎలుగుబంటియో, బెదరిన గుఱ్ఱమో, గాయపడిన దుప్పియో ఎదురైనప్పుడు ఆ చిన్న ఆయుధమే ప్రాణమునకు దిక్కు. అందుచే దానికి మరింత బలము కావలయునని అతడు తపించెను.

తపించినవాడు తొందరపడెను. 1925 జూలై 4వ తేదీన, ఆ దేశపు స్వాతంత్ర్యదినమున, పాతకాలపు 45 కోల్ట్ రివాల్వరులో రైఫిలుకొఱకు పోసిన 300 గ్రెయినుల గుండును, దాని వెనుక మిక్కుటముగ మందును దట్టించి పేల్చెను. చెవులు దిమ్ముపట్టెను. చూచుకొనగా సిలిండరులో మూడు గదుల పైసగము ఎగిరిపోయెను. వానిపైనున్న ఇనుపపట్టీయు లేదు. చేతికి మాత్రము గాయము కాలేదు. అది దైవకృప యనవలయును.

ఇక్కడనే అతని గొప్పతనము. అట్టి పరాభవమును దాచుకొనువారే లోకమున ఎక్కువ. కీత్ దాచలేదు. పగిలిన రివాల్వరు సంగతి అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికకు వ్రాసి ప్రకటించెను. తన తప్పును పదిమంది యెదుట పెట్టుటతోనే అతని రచనావ్యాసంగము ఆరంభమైనది. తరువాత ఆలోచించెను. సిలిండరు అదే పరిమాణముగలదైనప్పుడు దానిలో తొలిచిన రంధ్రము పెద్దదైనకొలది గదులమధ్య గోడ పలుచనగును. రంధ్రము కొంచెము చిన్నదైన గోడ దళసరియగును. అందుచే 45ను విడిచి, 1907 ప్రాంతమున స్మిత్ అండ్ వెస్సన్ వారు తెచ్చిన 44 స్పెషల్‌ను చేపట్టెను.

ఇచట ఒక చమత్కారము. పేరు 44 అయినను ఆ గుండు వ్యాసము అంగుళములో వేయింట 429 పాళ్లు మాత్రమే. రికార్డులో ఒక విస్తీర్ణము, పొలములో మఱొక విస్తీర్ణము ఉన్నట్లు! పేరును నమ్మి కొలత మానినవాడు రెండుచోట్లను నష్టపోవును.

1928 ప్రాంతమున కీత్ తన గుండు ఆకారమును తానే నిర్ణయించెను. లైమన్ కంపెనీవారి మూసలలో అది 429421 అను సంఖ్యతో ప్రసిద్ధికెక్కినది. తూకము రమారమి 250 గ్రెయినులు. ముక్కు గుండ్రముగ గాక చదునుగానుండును. గుండ్రని ముక్కు మాంసమును ప్రక్కకు నెట్టుకొని జారిపోవును. చదును ముక్కు పూర్తి బలముతో తాకి తిన్నగా చొచ్చుకొనిపోవును. ముక్కు వెనుక వాడియైన అంచుగల భుజము, కందెన నిలుచుటకు వెడల్పైన గాడి, డొల్ల అంచును మడిచి నొక్కుటకు లోతైన మఱియొక గాడి ఉండును. పదునాఱు పాళ్లు సీసమునకు ఒక పాలు తగరము కలిపి పోయుట అతని వాడుక. వట్టి సీసము మెత్తన. వేగమున తుపాకి గొట్టమునకు పూతవలె అంటుకొని గురిని చెఱచును.

బరువు గుండెందులకు? తేలికగుండు వేగముగ పోయినను ఎముక తగిలినంతనే వేగము కోల్పోవును. బరువుగుండు మెల్లగా పోయినను ఆగదు. ఖాళీబండిని ఆపుట వేఱు, బస్తాలు నిండిన బండిని ఆపుట వేఱు. పెద్ద జంతువుయొక్క మర్మస్థానము చేరువఱకు పోవలెనన్న బరువే సహాయము. కాని బరువుతోపాటు చిక్కులును వచ్చును.

మొదటి చిక్కు స్థలము. వ్యాసము మారదు గనుక బరువు పెరిగిన గుండు పొడవు పెరుగును. పొడుగు గుండు డొల్లలోనికి దిగిన మందుకు చోటు తగ్గును. అదే మందు ఇఱుకుచోట మండిన ఒత్తిడి అమాంతముగ పెరుగును. కావున గుండు బరువు పెంచినవాడు మందు తగ్గింపవలయును. సామాన్యుడు దీనికి తలక్రిందులుగ ఊహించును. ఆ ఊహయే ప్రాణాంతకము. ఇంకొక విశేషమున్నది. మెల్లగా మండు మందులు కొన్నిటిని తయారీదారు చెప్పిన కనిష్ఠముకంటె తగ్గించుటయు ప్రమాదమే. అందుచే ఎంత పోయవలెనో పొరుగువాని నోటిమాటవలన గాక, ఆ మందు చేసినవారి గ్రంథమువలన తెలిసికొని, క్రిందిమెట్టున మొదలిడి, ఒక్కొక్క మెట్టు ఎక్కవలయును. డొల్ల గదినుండి ఊడిరాక మొరాయించినను, టోపీ అణగి చదునైనను, అది తుపాకి చెప్పు హెచ్చరిక. ఆ గుర్తులు కనబడలేదని ధైర్యపడుటయు పొరపాటే. కొన్ని తుపాకులు చెప్పకయే పగులును.

రెండవ చిక్కు వెనుకతన్ను. ఒక తూటా పేలినప్పుడు రివాల్వరు వెనుకకు తన్నును. తక్కిన ఐదు గదులలోని గుండ్లు జడత్వముచే ఉన్నచోటనే నిలువజూచును. తుపాకి వెనుకకు పోవగా అవి డొల్లలనుండి ముందుకు జారును. జారిన గుండు సిలిండరు మూతిని దాటి బయటికి వచ్చిన చక్రము తిరుగదు. ఎలుగుబంటి ఎదుటనుండగా రివాల్వరు బిగిసిపోయిన గతియేమి? అందుచే డొల్ల అంచును గాడిలోనికి గట్టిగా మడవవలయును. పరీక్ష సులభము: ఆఱవ తూటా పొడవు ముందు కొలిచి, ఐదు పేల్చి, మరల ఆఱవదానిని కొలుచుట. పెరుగనిచో మడత మంచిది.

మూడవది గుండు కొలత. రైఫిలులో గదియు గొట్టమును ఒకటే. రివాల్వరులో గదులు ఆఱు, గొట్టము వేఱు. నడుమ సన్నని సందు. గుండు గది మూతిని దాటి, సందును దూకి, గొట్టమున ప్రవేశించి మెలిచాళ్లను పట్టవలయును. గుండు గది మూతికంటె సన్నమైన మంటవాయువు ప్రక్కనుండి దూసికొనిపోయి సీసమును కరగించును. గది మూతియే గొట్టపు చాళ్లకంటె సన్నమైన గుండు ముందే నలిగి చిన్నదగును. కావున మెత్తని సీసపు ముక్కను ఒక్కొక్క గదిలోను, గొట్టములోను త్రోసి, బయటికి వచ్చినదానిని మైక్రోమీటరుతో కొలిచి, గది మూతికి సరిపోవు గుండు చేసికొనవలయును. ఆఱు గదులును ఒకే కొలతగలవని అనుకొనరాదు. ఒక్క గది తేడాయున్న, ఐదు గుండ్లు ఒకచోటను ఆఱవది ఎడముగను పడును. కాల్చువాడు తన చేతిని నిందించుకొనును.

ఇన్నియు కుదిరిన పిమ్మట పరీక్ష. ఇసుకసంచిపై చేయి మోపి, 25 గజముల దూరమున కాగితముపై కాల్చుట. ఒకమాఱు ఒక్క అంశమునే మార్చవలయును. మందును, గుండును, టోపీని ఒకేసారి మార్చినవానికి ఫలము దేనివలన వచ్చినదో తెలియదు. ప్రతి మార్పును తేదీతోసహ పుస్తకమున వ్రాయవలయును. మంచి గుంపు పడిన కాగితమును గోడకు తగిలించి, చెడ్డది పొయ్యిలో వేయువాడు తన్ను తానే మోసగించుకొనును. జమ మాత్రము వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా ఎవరికి పనికివచ్చును?

కీత్ ఇట్లు సంవత్సరముల తరబడి పరిశోధించి, 250 గ్రెయినుల గుండును సెకండుకు 1,200 అడుగుల వేగమున పంపు తూటాను ఫ్యాక్టరీలే తయారుచేయవలెనని పత్రికలలో వ్రాయుచు వచ్చెను. అభ్యంతరము న్యాయమైనదే: పాత బలహీనపు 44 స్పెషల్ రివాల్వరులలో ఎవడైన ఈ తూటా పెట్టిన అవి పగులును. పరిష్కారము మిక్కిలి సులువైనది. రెమింగ్టన్ వారు ఇత్తడి డొల్లను అంగుళములో ఎనిమిదవవంతు పొడిగించిరి. పొడుగు తూటా పాత రివాల్వరు గదిలో పూర్తిగా దూరదు. స్మిత్ అండ్ వెస్సన్ వారు దానికి తగిన దృఢమైన రివాల్వరు చేసిరి. 1955 చివర సిద్ధమైన ఆ 44 మాగ్నమ్ మఱుసటి యేడు అంగడికి వచ్చెను. 1925లో పగిలిన రివాల్వరునకు ముప్పదియేండ్ల పిదప వచ్చిన సమాధానమిది. ఆ ఎనిమిదవవంతు అంగుళములో ఎందఱి చేతులు దాగియున్నవో!

అంతటితో ఆగలేదు. తరువాతి తరమున జె.డి. జోన్స్ ఇదే 44 మాగ్నమ్‌నకు 320 గ్రెయినుల గుండు మూస రూపొందించెను. డిక్ కసుల్ 1950ల నుండి శ్రమించిన 454 కసుల్ తూటాకు ఫ్రీడమ్ ఆర్మ్స్ వారు 1983లో ఐదుగదుల రివాల్వరు చేసిరి. ఆఱు గదులకు బదులు ఐదైన గోడలు మఱింత దళసరియగునుగదా! కీత్ 1925లో గ్రహించిన సూత్రమే అది.

కీత్‌ను శంకించినవారును లేకపోలేదు. మిత్రుడు గాయపఱచిన దుప్పి పారిపోవుచుండగా, దాదాపు 600 గజముల దూరమునుండి ఈ క్రొత్త రివాల్వరుతో దానిని కొట్టితినని అతడు వ్రాసెను. పలువురు నవ్విరి. 1979లో వెలువడిన తన ఆత్మకథకు అతడు పెట్టిన పేరు ఆ నవ్వులకు ఉత్తరమువలె నున్నది. అక్కడ నున్నది నేనే గదా యని దాని భావము. అతడు 1984లో దివంగతుడయ్యెను. ఆ దూరపు దెబ్బ నిజమైనను అనుకరింపదగినది కాదు. గాయపడిన మృగమును బాధనుండి విడిపించుటకు చేసిన యత్నము వేఱు. క్షేమముగ మేయుచున్న మృగముపై అదృష్టమును పరీక్షించుట వేఱు. శబ్దమును నమ్మి బాణము వేసిన దశరథునకు కలిగిన దుఃఖము మనమెఱుగనిది కాదు. తన ఆయుధము ఎంతదూరము నమ్మదగినదో కాగితముపై తేల్చుకొనినవాడే వేటకు అర్హుడు. ఇంతటి తూకమునకు, ఇంతటి ఓర్పునకు ధర్మమిదియే: ఒక్క దెబ్బతో, బాధలేకుండ ముగియవలయును, లేనిచో మీట నొక్కరాదు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 1959 ఆయుధచట్టము అనుమతిలేక తూటాలు తయారుచేయుటను నిషేధించినది. కావున ఈ విద్య మనకు చేయదగినది కాదు, చదువదగినది. చదివినందువలన లాభమేమనగా, మనము చేయు ప్రతిపనికిని ఇది అద్దము. ఎరువు చల్లు రైతును, ఔషధము కలుపు వైద్యుడును, లెక్కవ్రాయు గుమాస్తాయు ఇదే సూత్రమునకు లోబడినవారు. క్రిందిమెట్టున మొదలిడుట, ఒకమాఱు ఒక్కటే మార్చుట, కొలిచి వ్రాయుట, తప్పును దాచకుండుట.

సోదరులారా! 1925లో కీత్ తన అవమానమును మ్రింగి ఊరకుండినచో, అదే తప్పుచేసి కన్ను పోగొట్టుకొనువారు మఱికొందఱు ఉండెడివారు. అతడు వ్రాసెను, అచ్చయ్యెను, చదివినవారు బ్రతికిరి. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయపు బీరువాలు చేయుచున్న ఉపకారమిట్టిదే. ఈ బీరువాలకు తాళములు బడకుండుగాక! ఇంటింటినుండి ఒక్క పాఠకుడైన ఈ గడప త్రొక్కుచుండుగాక!

స్వస్తి.