పంటి డాక్టరు భయం

ఇరవై ఏళ్లుగా పళ్లు చూస్తున్న నేను మీ ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఏడో తరగతిలో ఉండగా, మత్తు పూర్తిగా ఎక్కకముందే ఒకాయన నా దవడ పన్ను పీకేశారు. ఆ తర్వాత పదేళ్లు లవంగం నూనెతో నెట్టుకొచ్చి, ఇంకో రెండు పళ్లు పోగొట్టుకున్నాను.

అందుకే నా దగ్గర కూర్చున్నవాళ్లకు ముందే చెబుతాను, "నొప్పి తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అని. చిగుళ్లకు జెల్ రాసి, లిగ్నోకైన్ మెల్లగా ఎక్కించి, పెదవి మొద్దుబారేదాకా ఆగితే, చాలామందికి తెలిసేది ఒత్తిడే. చీము పట్టేదాకా ఓర్చుకుని వస్తేనే కష్టం, అప్పుడు మత్తు సరిగా పనిచేయదు.

పోయిన నెల మన లెక్కల మాస్టారు వచ్చారు. (వారి అనుమతితోనే చెబుతున్నాను.) బెత్తం పట్టిన ఆ చేతులు కుర్చీ పట్టుకుని వణికాయి. మూడుసార్లు చెయ్యెత్తారు, మూడుసార్లూ ఆపాను. మూడోసారి నొప్పెక్కడని అడిగితే, "నొప్పేం లేదమ్మా, నిజంగా ఆపుతావో లేదో చూశాను" అన్నారు.